బ్రేకుల మేస్త్రి

ఆయన పోయి ఏడు నెలలైందని నాకు మొన్ననే తెలిసింది. నా దగ్గర పనిచేసిన పాత నర్సు ఒకామెకి ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి గుణదల వెళ్ళాను. మందుల చీటీలు చూస్తుంటే ఆమె మాటల్లో మాటగా, మన కారు మేస్త్రి గారు పోయారు కదండీ, మీకు తెలిసే ఉంటుంది అంది. నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆయనకి నేనేమవుతాను? ఏడాదికి రెండు మూడుసార్లు కారు పట్టుకెళ్ళిన మనిషిని, అంతే. నలభై ఏళ్ళ ప్రాక్టీసులో ఎన్ని చావులు చూశానో నాకే గుర్తులేదు. చావు కబురు వింటే చెయ్యవలసిన పనులు గుర్తొస్తాయి తప్ప నాకు మరోటి తోచదు. ఆ రోజు మాత్రం ఆమె బీపీ రెండుసార్లు చూడాల్సి వచ్చింది. మొదటిసారి చూసిన అంకె బుర్రకెక్కలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనే ఒప్పుకునేవాడు కాదు. షెడ్డుకి బోర్డయినా పెట్టుకోని మనిషి. బెజవాడ వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌన్ల వెనక సందులో, రేకుల కప్పు కింద ఆయన పని. మెకానిక్కులంతా ఒక్కొక్కరే ఆటోనగర్‌కి తరలిపోతున్న రోజులవి. ఆయన కదల్లేదు. ఎందుకని అడిగితే, ఈ ఘాటుకి ఓర్చుకుని లోపలిదాకా వచ్చేవాడికే నిజంగా బ్రేకులు బాగోలేనట్టు, మిగతావాళ్ళు ఊరికే వస్తారు అనేవాడు. సందులోకి అడుగుపెట్టగానే తుమ్ములు మొదలయ్యేవి. ఆయనకి మాత్రం ఆ ఘాటు మధ్యలోనే కాలిన బ్రేకు లైనింగు వాసన, కారిన బ్రేకాయిలు వాసన వేరువేరుగా తెలిసేవి. కారు సందు మలుపు తిరిగేలోపే, ఎడమ వెనక చక్రం అని చెప్పేసిన రోజులున్నాయి.

ఇంజను పని రాక కాదు, ఇష్టంలేక చేసేవాడు కాదు. బండిని పరిగెత్తించడం ఎవరైనా చేస్తారండి, ఆపడం, ఆపాక మళ్ళీ వదలడం, అదీ పని అనేవాడు. పని మొదలెట్టే ముందు చేతులు కడుక్కునేవాడు. పని అయ్యాక కడుక్కునే మెకానిక్కులు ఊరంతా ఉన్నారు, ముందు కడుక్కునేవాణ్ణి నేను ఈయన్నే చూశాను. వేడి చూడాలంటే అరచెయ్యి కాకుండా చేతి వెనక భాగం ఆనించేవాడు, మేం పసిపిల్లల నుదురు చూసినట్టు. కాగిన బ్రేకు డ్రమ్ముని ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా విప్పేవాడు కాదు. ఒకసారి ఓ మిల్లు యజమాని సందు మొదట్లో నిలబడి హారను మోగిస్తుంటే, ఈయన సాసర్లో టీ పోసుకుని, ఊదుకుంటూ, నిదానంగా తాగాడు. హారను ఆగాక వెళ్ళి, కారు ఆగింది కదండీ, ఇక మీరూ కాసేపు ఆగండి అన్నాడు. ఆ యజమాని మళ్ళీ రాలేదట. ఆ సంగతి చెప్పుకుని మేస్త్రి బాధపడ్డది ఎప్పుడూ లేదు.

ఇంతకీ నేను ఆయన దగ్గరికి ఎలా వెళ్ళానో చెప్పాలి.

డెబ్భైల మొదట్లో నేను కంకిపాడులో చిన్న ఆసుపత్రి పెట్టాను. చుట్టుపక్కల ఊళ్ళకి కాన్పులకి వెళ్ళడానికి కారు కావాలి. నాకు వైద్యం నేర్పిన పెద్ద డాక్టరు గారు ప్రాక్టీసు మానేస్తూ తన పాత నల్ల కారు నాకిచ్చారు. కారుతోపాటు డ్రైవరూ వచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. ఖాకీ చొక్కాకి మెడదాకా బొత్తాలు పెట్టుకునేవాడు. కుడి మోకాలు కాస్త బిగుసుకుని ఉండేది. నేను మొదటిరోజునుంచీ బాబాయ్ అని పిలిచాను, ఆయన నన్ను డాక్టరమ్మా అన్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కారు షెడ్డు పక్క గదిలోనే ఉండేవాడు. స్టీరింగు తప్ప ఇంకో పని తెలియదు, ఆ వయసులో ఇంకెవరూ పనిలో పెట్టుకోరు కూడా.

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే, పొద్దున్నే కాలువ గట్టు మీద. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. బ్రేకు మీదికి కాలు వెళ్ళాలంటే సీట్లో కిందికి జారాలి. జారితే రోడ్డు కనపడదు. మీకు బ్రేకు కావాలో రోడ్డు కావాలో తేల్చుకోండమ్మా అని బాబాయ్ నవ్వేవాడు. నాకు ఉక్రోషం వచ్చేది. కొన్నాళ్ళకి ఒకరోజు పొద్దున ఎందుకో బ్రేకు చక్కగా పడింది. వేలికొనతో తాకితే చాలు, కారు ఆగుతోంది. ఆ రోజు ఆసుపత్రిలో కాంపౌండరు దగ్గర్నుంచి ఆయా దాకా అందరికీ చెప్పాను, నాకు డ్రైవింగు వచ్చేసిందని.

ఆ తరవాత మూడు నాలుగు వారాలకి కారుకి జబ్బు మొదలైంది. ఆరేడు మైళ్ళు వెళ్ళేసరికి బరువెక్కేది, వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు. కొమ్ము కాల్చిన వాసన. అరగంట చెట్టు కింద ఆపితే మళ్ళీ మామూలే. ఊళ్ళో మెకానిక్కు లైనింగులు రెండుసార్లు మార్చాడు, జబ్బు ఇంకా ముదిరింది. అప్పుడు మా కాంపౌండరు ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. డ్రైవరు మోకాలు వంగక పాదం పక్కకి ఒరిగి బ్రేకు మీద ఆనుతోందనీ, ఆయన నడిపినంతసేపూ బ్రేకు సగం పడే ఉంటోందనీ. వినడానికి బాగానే ఉంది. మెకానిక్కు కూడా తన పరువు దక్కుతుందని వెంటనే తలూపాడు. నేను ఒకటి రెండుసార్లు బాబాయ్‌తో, కాలు చూసుకో బాబాయ్ అన్నాను. అలాగేనమ్మా అన్నాడు.

వేసవిలో ఒక మధ్యాహ్నం, ఉయ్యూరు అవతల పల్లెటూరినుంచి ఒక తొలిచూలు పిల్లని ఎక్కించుకుని బెజవాడ పెద్దాసుపత్రికి బయలుదేరాం. రక్తం పోతోంది. నా ఒళ్ళో ఆ పిల్ల తల. పోరంకి దగ్గర కారు ఆగిపోయింది. నాలుగు చక్రాల్లోంచీ పొగ. దిగి నిలబడ్డాను. చుట్టూ జనం మూగారు. నేను బాబాయ్ అనలేదు. ఏమయ్యా అన్నాను. కాలు బాగోకపోతే ఇంట్లో కూర్చోవాలి, రెండు ప్రాణాలు తీస్తావా అన్నాను. ఆయన రోడ్డుకి అడ్డంగా వెళ్ళి నిలబడి ధాన్యం బస్తాల లారీని ఆపాడు. ఆ బస్తాల మీద ఆ పిల్లని పడుకోబెట్టుకుని నేను వెళ్ళిపోయాను.

తల్లీ బిడ్డా దక్కారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే నేనేం చెప్పలేను. సాయంత్రం బస్సులో తిరిగి వస్తూ పోరంకిలో దిగితే, కారు పక్కనే బాబాయ్ నిలబడి ఉన్నాడు, మధ్యాహ్నం వదిలినచోటే. ఆ అమ్మాయెలా ఉందమ్మా అని అడిగాడు. బతికింది అన్నాను. ఒకటో తారీఖునుంచి నువ్వు రానక్కర్లేదు అని కూడా అన్నాను. అన్నందుకు ఆ రాత్రి నిద్ర పట్టకపోలేదు. నేను చేసింది న్యాయమే అనుకున్నాను.

పెద్దాసుపత్రిలో ఒక సర్జను గారు ఈ మేస్త్రి ఆనవాళ్ళు చెప్పారు. మర్నాడు పొద్దున బాబాయే నడుపుతూ, దారిలో రెండుచోట్ల ఆపి చల్లారనిస్తూ, కారుని వన్ టౌన్‌కి తెచ్చాడు. షెడ్డులో నలభై దాటిన మనిషి, మెడలో మరియమాత బిళ్ళ, చెవి మీద సుద్దముక్క. నేను కారు దిగుతూనే మొదలుపెట్టాను, మా డ్రైవరు బ్రేకు మీద కాలు ఆనించి నడుపుతున్నాడని. ఆయన సబ్బుతో చేతులు రుద్దుకుంటూ అన్నాడు:

"అది జబ్బు పేరండి. జబ్బు పేరు నేను చెప్తాను. మీరు బాధ చెప్పండి."

గ్యాసండీ, బీపీ అండీ అంటూ వచ్చే పేషెంట్లని నేను రోజుకి పదిసార్లు కసురుకునే మాట అదే. ఆయన నన్ను వదిలేసి బాబాయ్ వైపు తిరిగి, నడిపేవారు మీరు కదండీ, మీరు చెప్పండి అన్నాడు. ఎన్ని మైళ్ళకి బరువెక్కుతుంది, ఎంతసేపటికి వదులుతుంది, ఆగిపోయినప్పుడు పెడలు మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా అని ఒక్కొక్కటే అడిగాడు. రాయిలా ఉంటుందండీ అన్నాడు బాబాయ్. నొప్పి ఏ పక్కనో పేషెంటు సరిగ్గా చెప్పినప్పుడు నేను తలూపినట్టే ఆయనా ఊపాడు. రెండు నెలల్లో బాబాయ్‌ని ఎవరైనా అడిగి, చెప్పింది విన్నది అదే మొదటిసారి.

ముగ్గురం కారులో బారేజి దాటి మంగళగిరి దాకా వెళ్ళొచ్చాం. నేను వెనక, మేస్త్రి ముందు సీట్లో. దారి పొడుగునా ఆయన రోడ్డు వైపు చూడలేదు. వంగి కూర్చుని డ్రైవరు పాదాలే చూశాడు. తిరిగొచ్చేసరికి కారు ఈడుస్తోంది, వాసన మొదలైంది. షెడ్డులో ఆపాక నన్ను పిలిచి, ముందు మీరు చూడండి డాక్టరు గారూ అన్నాడు. చెయ్యి వెనక్కి తిప్పి, చక్రం మధ్యలో రేకుకి అంగుళం దూరంలో పెట్టాను. ముందువి రెండూ, వెనకవి రెండూ. నాలుగూ ఒక్కలాగే కాగిపోతున్నాయి. ఆ మాటే చెప్పాను.

"ఒక చక్రం వేడెక్కితే ఆ చక్రం సంగతి చూడాలండి. నాలుగూ ఒక్కలాగే వేడెక్కితే చక్రాల జోలికి పోకూడదు. ఇంట్లో నలుగురు పిల్లలకీ ఒకేసారి కడుపునొప్పి వస్తే పిల్లల్ని కొడతామా, వంటింట్లోకి వెళ్ళి చూస్తామా?"

ముందు చక్రాన్ని జాకీ మీద లేపాడు. టైరు మీద సుద్దతో గీత గీసి చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. చక్రం వెనక గాలి తీసే చిన్న నట్టు ఉంటుంది, దాన్ని పానాతో కొంచెం వదులు చేశాడు. బ్రేకాయిలు చివ్వున చిమ్మింది. చక్రం దానంతటదే తిరిగిపోయింది. ఒక్కొక్కటే లేపి చూస్తే మిగతా మూడు చక్రాలు కూడా వదిలేశాయి. నాకు అర్థమయ్యేలా చెప్పాడు. పెడలు తొక్కితే నూనె చక్రాల దగ్గరికి వెళ్ళి పట్టుకుంటుంది, వదిలితే వెనక్కి రావాలి. వెనక్కి వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయింది. నూనె కాగేకొద్దీ పొంగుతుంది, పోవడానికి చోటు లేక ఇంకా బిగబడుతుంది. చల్లారితే వదులుతుంది. అంతవరకూ చెప్పి, కొత్త బ్రేకాయిలు తెమ్మని బాబాయ్‌ని మెయిన్ రోడ్డు మీద దుకాణానికి పంపాడు.

తరవాత కారు కిందికి దూరాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహంలో జబ్బు పట్టుకున్న సంతోషం లేదు.

"డాక్టరు గారూ, మీరొకసారి డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కండి" అన్నాడు.

కూర్చుని తొక్కాను. చెప్పు కొన తగిలింది. మొదటినుంచీ ఇలాగే అందేదా అని అడిగాడు. లేదు, మొదట్లో అందేది కాదు, నేర్చుకునేకొద్దీ అలవాటైంది అని కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అలవాటు కాదండి, పెడలే మీ దగ్గరికొచ్చింది అన్నాడు. పెడలుకీ, కింద నూనెని తోసే సిలిండరుకీ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని ఎవరో పానాతో రెండు చుట్లు తిప్పి పొడుగు చేశారు. తుప్పు పట్టిన మర మీద ఆ రెండు చుట్లూ ఇంకా మెరుస్తున్నాయట. పెడలుకి ఉండాల్సిన వేలెడంత ఖాళీ పోయింది. పైన బ్రేకు ముట్టుకుంటే చాలు పడుతుంది కానీ, కాలు తీసినా ఆ కడ్డీ పూర్తిగా వెనక్కి రాదు. నూనె దారి మూసే ఉంటుంది.

ఎవరు తిప్పారని నేను అడగలేదు. పొట్టి కాళ్ళ డాక్టరమ్మకి బ్రేకు అందడం లేదని దిగులుపడ్డ మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. రోడ్డు కావాలో బ్రేకు కావాలో అని నవ్వి, నవ్విన తరవాత, నాకు చెబితే ఉక్రోషపడతానని చెప్పకుండా, ఓ తెల్లవారుజామున కారు కింద పడుకుని రెండూ ఇచ్చాడు.

"ఇంకోటండి" అన్నాడు మేస్త్రి. "మంగళగిరి వెళ్ళొచ్చేదాకా ఆయన కాలే చూశాను. బ్రేకుకి ఎక్కడ తగులుతుందోనని మోకాలు బయటికి తిప్పి పట్టుకున్నాడు. మడమ కూడా కింద ఆనించలేదు. అంతదూరం అలా గాల్లో పెట్టుకునే నడిపాడు. ఆ మోకాలు వాచిపోయి ఉంది. మీరు చూశారా అండి?"

చూడలేదు. వెయ్యి మంది నాడి పట్టుకుని ఉంటాను, రోజూ నన్ను మోసుకు తిరిగే మనిషి మోకాలు ఒక్కసారి చూడలేదు. చూడకుండానే రోగం పేరు పెట్టాను. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళ తరవాత రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

పోరంకి సంగతీ, ఒకటో తారీఖు సంగతీ మేస్త్రికి చెప్పాను. బాబాయ్ రాగానే చెప్పేస్తాను, క్షమించమంటాను అన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. చెబితే ఆయన ఒకటో తారీఖు దాకా కూడా ఉండడండి, ఈ సాయంత్రమే తాళాలిచ్చేసి వెళ్ళిపోతాడు అన్నాడు. పోరంకిలో ఆ పిల్లకి జరిగింది తన చేతివల్లే అని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ స్టీరింగు పట్టుకోడు. నాకు వదిలెయ్యండి అన్నాడు. కారు కిందికెళ్ళి ఆ రెండు చుట్లూ వెనక్కి తిప్పి వచ్చాడు.

ఆయనకో నియమం ఉంది. చెడిపోయిన సామాను చేతిలో పెట్టి చూపించకుండా కారు పంపడు. బాబాయ్ బ్రేకాయిలు డబ్బాతో రాగానే, మేస్త్రి మూల ఉన్న తుక్కు డబ్బాలో చెయ్యిపెట్టి, ఉబ్బిపోయిన నల్లటి రబ్బరు బిళ్ళ ఒకటి తీశాడు. ఇదండి దొంగ, సిలిండరులో రబ్బరు ఉబ్బి నూనె దారి మూసేసింది, వేరేది వేశాను, ఎవరి తప్పూ లేదు, వయసైన బండి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. బాబాయ్ ఆ రబ్బరుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాసేపటికి, అవునండి, పాతబడింది అన్నాడు. ఇది నేను ఉంచుకోవచ్చా అండి అని అడిగి ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నాడు.

తరవాత మా ఇద్దరి ఎదుటా పాత నూనె తీసేసి కొత్తది పోశాడు, చక్రం లేపి తిప్పాడు. సుద్దగీత ఏడు చుట్లు తిరిగి ఆగింది. ఆయన లెక్క అది. ఏడుకి తగ్గితే కారు వదిలేవాడు కాదు. పెడలు మళ్ళీ దూరం జరిగింది కాబట్టి నాకు వెనక ఆనుకోవడానికి ఒక దిండు కుట్టించి ఇచ్చాడు. పక్క గోడౌనులో గోనెపట్టా అడిగి తెచ్చి దాంతో కుట్టించాడు. మిరపకాయల పట్టా. నెలరోజులు కారెక్కినప్పుడల్లా నేను తుమ్మాను. కానీ బ్రేకూ అందింది, రోడ్డూ కనపడింది.

తిరిగొచ్చేటప్పుడు బందరు రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా వచ్చాం. క్షమించమనడం నాకు చేతకాదు. కానూరు దాటాక, ఒకటో తారీఖు మాట మర్చిపో బాబాయ్ అన్నాను. సరేనమ్మా అన్నాడు. ఆసుపత్రికి రాగానే పేషెంట్లందరినీ ఆపి ముందు ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టాను. ఆ మోకాల్లోంచి సిరంజి నిండా నీరు తీశాను. ఇంత నొప్పి పెట్టుకుని చెప్పలేదేం అని మళ్ళీ నేనే కేకలేశాను.

ఆ తరవాత ఏళ్ళ తరబడి మేస్త్రి దగ్గరికి వెళ్ళొచ్చాం. కారు బాగున్నా వెళ్ళిన రోజులున్నాయి. గుణదల తిరునాళ్ళకి మూడు రోజులు షెడ్డు మూసి, కొండ మెట్ల దగ్గర మంచినీళ్ళు పోసేవాడు. అప్పుడు మాత్రం ఆయన చేతులు మరో మనిషి చేతుల్లా తెల్లగా ఉండేవి. ఒకసారి వేలు తెగి నా దగ్గరికొచ్చాడు. వస్తూనే, ధనుర్వాతం ఇంజెక్షను ఒకటి వేసెయ్యండి డాక్టరు గారూ అన్నాడు. అది మందు పేరండి, బాధ చెప్పండి అన్నాను. ఆయన అంత బిగ్గరగా నవ్వడం అప్పుడే చూశాను. కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు, ఏమైందోనని.

అయిదేళ్ళు గడిచాయి. బాబాయ్‌కి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. ఇక నడపనని తనే అన్నాడు. గది ఖాళీ చెయ్యొద్దు, ఇక్కడే ఉండమన్నాను. తాళాలు బల్ల మీద పెట్టి, జేబులోంచి ఆ నల్లటి రబ్బరు తీసి పక్కన పెట్టాడు.

"ఇది మన కారుది కాదమ్మా. లారీది. మన సిలిండరులో ఇది పట్టనే పట్టదు" అన్నాడు.

ఆ రోజు షెడ్డులో చేతిలోకి తీసుకోగానే తెలిసిందట. పెడలు మీద కాలు పెట్టాక, మళ్ళీ వేలెడంత ఖాళీ తగిలేసరికి, మిగతాదీ తెలిసిపోయిందట. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, మీరిద్దరూ నాకోసం అంత కష్టపడి దాస్తుంటే ఎలా చెప్పనమ్మా అన్నాడు. పోరంకిలో లారీ ఎక్కించిన ఆ పిల్ల ఊరు వెళ్ళినప్పుడల్లా ఆయన నన్ను దింపి మాయమయ్యేవాడు. ఆ పసివాణ్ణి భుజాన వేసుకుని కాలువ దాకా తిప్పి తెచ్చేవాడు. పిల్లలంటే ముచ్చట కాబోలు అనుకునేదాన్ని.

నాకు మేస్త్రి మీద ఎక్కళ్ళేని కోపం వచ్చింది. ఇంత పని తెలిసినవాడు, డబ్బాలో చెయ్యిపెట్టి చూసుకోకుండా ఏది దొరికితే అది తీస్తాడా? మర్నాడే ఆ రబ్బరు పట్టుకుని వన్ టౌన్ వెళ్ళాను. ఆయన ఎవరిదో డ్రమ్ము తుడుస్తున్నాడు. రబ్బరు ఆయన ముందు పెట్టి, మీ అబద్ధం ఆయన ఆ రోజే కనిపెట్టాడు అన్నాను. మేస్త్రి దాన్ని చూసి, ఇంకా ఉంచుకున్నాడా అని అడిగాడు. ఆ తరవాత నిదానంగా అన్నాడు:

"నలభై ఏళ్ళు బండి నడిపిన మనిషికి లారీ రబ్బరు తెలియకుండా ఎలా ఉంటుందండి? తెలియాలనే ఏరి తీశాను. తన తప్పు మనకి తెలిసిందని ఆయనకి తెలియాలి. తెలిసి కూడా ఎవరూ ఏమీ అనలేదనీ తెలియాలి. అది నోటితో చెప్తే ఉంటాడా అండి?"

నేను అక్కడున్న పీట మీద కూర్చుండిపోయాను. అయిదేళ్ళూ మేస్త్రికి తెలుసు, బాబాయ్‌కి తెలుసు. దాస్తున్నానని అనుకున్నది నేనొక్కదాన్నే. మరి నాకైనా చెప్పాలి కదా మేస్త్రి గారూ అన్నాను.

"మీరప్పటికింకా వేడి మీద ఉన్నారండి. చల్లారాక మీకే తెలుస్తుందనుకున్నాను" అన్నాడు. తుడిచిన డ్రమ్ముని వెలుతురులో ఒకసారి పెట్టి చూసుకుని, "అయిదేళ్ళు పడుతుందనుకోలేదు" అని మళ్ళీ పనిలో పడ్డాడు.